ఎనిమిది బారల చేంతాడు

ఆళ్లగడ్డ,
12-4-1955

రంగీకి, నూరున్నీసా రాసేది.

ఇక్కడ మనుషులం బాగున్నాం, బావి ఒక్కటే బాగాలేదు. నీ కార్డు అందింది. అందులో సగం మీ ఆయన మీద కోపం, సగం సందులో ఆడవాళ్ల మీద కోపం. చోటు చాలక అంచుల్లో కూడా రాశావు. ఇంకోసారి కవరు కొను, పిసినారిదానా.

సంగతి అర్థమైంది. మా అన్న మీకు అమ్మేసి ఆదోనికి పోయిన మా పాతిల్లు ఉంది చూడు, దాని పెరట్లో మీ ఆయన సంజీవన్న బొరుగుల బట్టీ పెట్టాడు. రోజుకు రెండు మూటల వడ్లు నానబెడుతున్నాడు. మూటకు ఇరవై కడవలు కావాలి. కడగడానికి ఒక నీళ్లు, రెండు రాత్రులు నానడానికి రెండు నీళ్లు, ఉడకడానికి ఇంకో నీళ్లు, చివరికి అన్నీ మోరీ పాలు. ఎండాకాలంలో బావిలోంచి రోజూ నలభై కడవలు పోతుంటే పీర్ల చావిడి సందులో ఇరవై రెండు ఇళ్లు ఊరుకుంటాయా? ఎర్రగుడ్డ దిగిపోయిందని, బట్టీకి నీళ్లు ఆపమని వెంకటమ్మ వచ్చి మీ గడపలో కూర్చుందన్నావు. కూర్చోక ఏం చేస్తుంది?

ఆ గుడ్డ మా దాదా పెట్టిన పద్ధతి. బావి తవ్వించి సందుకు ఇచ్చినప్పుడు ఆయన రెండే మాటలు చెప్పాడు. ఎవరొచ్చినా వద్దనకూడదు, అది మొదటిది. చేద దగ్గర నుంచి ఎనిమిది బారలు కొలిచి చేంతాడుకు ఎర్రగుడ్డ కట్టాలి, అది రెండోది. ఆ గుడ్డ గిలక దాటి లోపలికి దిగినా చేద నీళ్లకు తగల్లేదంటే ఇక తాగే నీళ్లు మాత్రమే, ఇంటికి రెండు కడవలు. బట్టలు, బర్రెలు, బట్టీలు అన్నీ బంద్. తాడు మార్చిన ప్రతిసారీ సుబ్బలక్ష్మమ్మవ్వ చేతులు బార్లా చాచి కొలుస్తుంటే మనిద్దరం గుడ్డపీలిక పట్టుకుని కొట్లాడుకునేవాళ్లం, ఎవరు కట్టాలని.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఇదే రోగం మాకూ వచ్చింది. పోయిన నెల మా బావిలో చేద దించితే బురద వచ్చింది. మా లాల్ సాహెబ్ బట్టీకి బీగం వేస్తానన్నాడు. "నీళ్లు లేని బట్టీ ఏందీ, మూసేసి కూలికి పోతా" అన్నాడు. ఆయన అన్నవన్నీ విని ఉంటే నేను ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిలిచేదాన్ని కాదు. కూర్చుని, నీళ్లు ఎక్కడెక్కడ ఊరికే పోతున్నాయో చూశాను.

కడిగే ముందే వడ్లను రెండుసార్లు చెరిగి జల్లెడ పట్టాను. దుమ్ము పొడిగానే పోయింది కాబట్టి కడగడానికి కొంచెం నీళ్లు చాలాయి. చన్నీళ్లకు బదులు మసిలే నీళ్లు పోశాను, వడ్ల మీద రెండు వేళ్లు నిలిచేంత. పైన తడి గోనె కప్పాను. రెండు రాత్రులు నానేవి ఒక్క రాత్రికే నానాయి. తెల్లారి వంచిన నీళ్లు పారబోయకుండా తరువాతి మూట కడగడానికి వాడాను. అది ఒక్కసారే, రెండోసారికి పులుస్తాయి. ఉడకబెట్టడం మానేశాను. కాగు అడుగున రెండు కడవలు పోసి, పైన వెదురు తడిక వేసి, ఆవిరికే మగ్గనిచ్చాను. మొదటి మూడు మూటలు పాడయ్యాయి, బొరుగు పొంగలేదు. లాల్ సాహెబ్ వాటిని బర్రెకు పెట్టి, బర్రె తరఫున నన్ను మెచ్చుకున్నాడు. నాలుగోది తెల్లగా, గుల్లగా వచ్చింది. మూటకు ఏడు కడవలు పట్టాయి రంగీ. ఇరవై ఎక్కడ, ఏడు ఎక్కడ!

ఇది మీ ఆయనకు చదివి వినిపించు. వెంకటమ్మ మీ గడపలోంచి లేస్తుంది.

నీ నూరీ


నంద్యాల,
3-6-1955

నూరీకి, రంగమ్మ రాసేది.

ఈసారి కవరే కొన్నాను, చూసుకో.

నీ ఉత్తరం చదివితే ఈయన నవ్వాడు. "ఆళ్లగడ్డోళ్లు మనకు బొరుగులు నేర్పిస్తారా?" అన్నాడు. వెంకటమ్మ రెండోసారి వచ్చి కూర్చున్నాక నవ్వు ఆగింది. రెండు మూటలు బర్రెల పాలయ్యాయి, మూడోది కుదిరింది. ఇప్పుడు బట్టీకి రోజుకు పద్నాలుగు కడవలే. మే నెలంతా ఎర్రగుడ్డ గిలక మీదే ఉంది. నేను పుట్టాక ఎండాకాలంలో ఇలా చూడటం ఇదే మొదలు.

సుబ్బలక్ష్మమ్మవ్వ బావి దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ఇదే చెప్పింది. "బావి ఇంటి బిడ్డ గదా, ఆళ్లగడ్డకు పోయినా బావిని మర్సిపోలే" అంటుంది. వెంకటమ్మ అలసంద వడలు చేసి పంపింది. నాకు కాదట, నీకట. నువ్వు లేవు కాబట్టి నేనే తిన్నాను.

నువ్వు లేకపోతే ఈ వేసవి నేను సందులో తలెత్తుకుని తిరిగేదాన్ని కాదు. పీర్ల పండగకు తప్పకుండా రా. పానకం మన బావి నీళ్లతోనే కలుపుదాం.

నీ రంగి


నంద్యాల,
20-1-1956

నూరీకి, రంగమ్మ రాసేది.

పండగకు వచ్చి పోయాక ఒక్క ముక్క రాయలేదు నువ్వు. బట్టీ పని తెమలదని నాకూ తెలుసు. ఇక్కడా అంతే. ఈయన ఇంకో రెండు పొయ్యిలు పెట్టాడు. వడ్లు ఆరబోయడానికి సంజామల వైపు నుంచి ఆడవాళ్లు వచ్చారు, కొట్టంలోనే ఉంటున్నారు. వచ్చిన వర్తకులకు ఏడు కడవల పద్ధతి తానే కనిపెట్టినట్టు చెప్తాడు. నేను లోపల నవ్వుకుంటాను. మగవాళ్లకు ఆ మాత్రం ఉండనీలే.

చేంతాడు పీచులు లేచిపోయిందని కొత్తది తెచ్చారు. అవ్వకు చూపు బొత్తిగా ఆనడం లేదు, చేతులు వణుకుతున్నాయి. తాడు ఇంటికి తెప్పించుకుని, తలుపు దగ్గరకేసి, నన్ను పిలిచింది. "నువ్వు కొలువు మే, నేను కొలిసినట్టే చెప్తా, లేకుంటే ముసల్ది పనికిరాదంటారు" అంది. నేనే కొలిచి గుడ్డ కట్టాను. కొట్లాడటానికి నువ్వు లేవు.

నీ రంగి


ఆళ్లగడ్డ,
9-2-1956

రంగీకి,

గుడ్డ కట్టే వంతు చివరికి నీకే దక్కిందన్నమాట. సంతోషం. సంజీవన్న పద్ధతి కనిపెట్టాడంటే అదీ సంతోషమే. పాడైన మూడు మూటలు కూడా ఆయన ఖాతాలోనే వేసుకొమ్మను.

మా మరిది పీరా పోయిన వారం బొరుగుల సంచులతో నంద్యాలకు వచ్చాడు కదా. తిరిగొచ్చి ఒక మాట చెప్పాడు. "భాభీ, ఆడ నీళ్లు తోడేదానికే ఇద్దరు మనుషులు జీతానికి ఉండారు, పొద్దున మొదలుపెడితే మాపటికీ తోడతానే ఉండారు" అన్నాడు. పద్నాలుగు కడవలు తోడటానికి ఇద్దరు మనుషులెందుకు? మా ఇంట్లో ఆ పని నేను పళ్లు తోముకునేలోపు చేస్తాను.

రోజుకు ఎన్ని మూటలు నానుతున్నాయి? మాకు అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే. సరిగ్గా లెక్క రాయి. చీరల సంగతులు తరువాత.

నూరీ


నంద్యాల,
15-4-1956

నూరీకి, రంగమ్మ రాసేది.

జవాబు ఆలస్యమైంది, మనసులో పెట్టుకోకు. సుబ్బలక్ష్మమ్మవ్వ పోయిన నెల పోయింది. నొప్పి లేదు, రోగం లేదు, నిద్రలోనే పోయింది. చివరి రోజు కూడా నీ పేరు తలచింది.

ఇంట్లో బేతంచెర్ల రాళ్లు పరిపించాం. వట్టి కాళ్లతో నడిస్తే చల్లగా ఉంటుంది, ఎండ అన్నది తెలియదు. నువ్వొచ్చినప్పుడు ఆ రాళ్ల మీద పడుకుని మాట్లాడుకుందాం. పిల్ల ఐదో తరగతి పాసైంది. నీకోసం ఒక నేత చీర తీసిపెట్టాను, అంచు ముదురాకుపచ్చ. నీకు ఆ రంగు ఇష్టం కదా.

బట్టీ సంగతి ఆడదాన్ని నాకేం తెలుస్తుంది. ఎర్రగుడ్డ ఇంకా గిలక దాటలేదు, నువ్వు బెంగపడకు. లాల్ సాహెబన్నను అడిగానని చెప్పు.

నీ రంగి


ఆళ్లగడ్డ,
22-8-1956

రంగమ్మకు,

పండగకు నేను వస్తానని తెలిసి నువ్వు మహానందికి పోయావు. అక్కడ నీళ్లు ఎప్పుడూ తగ్గవంటారు. బాగా మునిగావా?

పానకానికి ఎప్పటిలాగే బెల్లం మూట కట్టుకుని వచ్చాను. చావిడి ముందు ఎడ్ల బండి మీద పీపాలు కనిపించాయి. ఎవరివని అడిగితే కాలువ నీళ్లన్నారు. మా దాదా బావి పదడుగుల దూరంలో ఉండగా పీర్ల పానకానికి కాలువ నుంచి నీళ్లు తెచ్చారు. వానలు మొహం చాటేసిన మాట నిజమే. కానీ ఇంతకంటే చెడ్డ ఏళ్లు ఆ బావి చూసింది. ఏ ఏడూ పానకం తప్పలేదు.

నన్ను చూసి ఎవరూ రమ్మనలేదు. వెంకటమ్మ ఒక్కతే లోపలికి పోయి లోటా తెచ్చింది. అడుగున వేలెడు బురద ఉంది.

"తాగు మే. నువ్వు మిగిలిచ్చిన నీళ్లే" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ పద్ధతి నాదేనని సందులో అందరికీ తెలుసు, అవ్వే చెప్పింది కదా. ముందు రెండు మూటలకు నలభై కడవలు పోయేవి. ఇప్పుడు మూటకు ఏడే, కానీ మూటలు పద్దెనిమిది. రోజుకు నూట ఇరవై ఆరు కడవలు. పొయ్యిలు తొమ్మిది. "ఇరవై కడవల్నాడు రెండు మూటలకు మించి నానబెట్టేదానికి యాడ కుదిరె వానికి? నువ్వు దోవ జూపిస్తివి" అంది. నేను ఆ లోటా తాగాను. ఇసుక ఇంకా పళ్ల కింద ఉన్నట్టే ఉంది.

తాగి, మరి ఎర్రగుడ్డ దిగినప్పుడు బట్టీ ఎందుకు ఆపలేదని నేనూ గట్టిగానే అడిగాను. గుడ్డ దిగనే లేదు, అందుకే ఊరుకున్నామన్నారు. చేదలో బురద వచ్చిన రోజు కూడా గుడ్డ గిలక పైనే ఉందట. నేను బావి దగ్గరికి పోయి, అందరి ముందు తాడు కొలిచాను. నా బార అవ్వ బారకంటే పొడవే, పొట్టి కాదు. రెండుసార్లు కొలిచాను. పదకొండు బారల దగ్గర ఉంది గుడ్డ.

"ముసల్దానికి సూపు ఆనక తప్పు కొలిసింది" అంది వెంకటమ్మ. పక్కనున్న ఆడవాళ్లు చచ్చిపోయిన మనిషిని తిట్టారు. నలభై ఏళ్లు ఆ తాడును తన చేతులతో కొలిచిన మనిషిని. ఎవరు కొలిచారో నాకు తెలుసు. నీ జనవరి ఉత్తరం నా పెట్టెలో ఉంది. నోటిదాకా వచ్చింది, మింగాను. నువ్వే చెప్పాలి కాబట్టి.

సంజీవన్న బట్టీ దగ్గరే ఉన్నాడు. మంచం వేసి కూర్చోబెట్టాడు, మర్యాదకు లోటు చేయలేదు. "పద్ధతి నువ్విస్తివమ్మా, మూటలు నేను పెంచితి. దీంట్లో తప్పేముండాది?" అన్నాడు. ఆయనకు నిజంగానే తెలియదు, తప్పేముందో. ఆయనతో నాకు పని లేదు.

ఎనిమిది బారలు పదకొండు ఎలా అయ్యాయి? ఆయన కట్టమన్నాడా? ఒక్క మాట రాయి, మహానంది గురించి రాయకు.

నూరున్నీసా


నంద్యాల,
30-9-1956

నూరీకి,

నెల రోజులుగా ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను.

ఆయన కట్టమనలేదు. ఆయనకు బారలంటే ఏమిటో కూడా తెలియదు. నేనే కట్టాను. అవ్వ కళ్లముందే, ఆమె చూడలేని కళ్లముందే, ఎనిమిది దాకా పైకి లెక్కపెట్టి, మూడు బారలు నోరు మూసుకుని కొలిచి, అక్కడ కట్టాను. "ఎనిమిదేనా?" అని అడిగింది. ఎనిమిదేనన్నాను.

ఎందుకని అడుగుతావు. మళ్లీ వెంకటమ్మ నా గడపలో వచ్చి కూర్చోకూడదని. అంతేకాదు, ఇంకొకటి ఉంది. నువ్వు వినడానికి ఇష్టపడకపోయినా రాస్తాను. మీ దాదా ఎవరినీ వద్దనకూడదన్నాడు, ఎవరూ వద్దనలేదు. కానీ మా అమ్మ మీ సందులో ఇళ్లకు వడ్లు దంచేది కదా. ఆమె కడవ ఎప్పుడూ చివరనే ఉండేది. అందరూ తోడుకున్నాక, పొద్దెక్కాక, అడుగునున్న నీళ్లు మాకు. గుడ్డ దిగిన రోజుల్లో ఇంటికి రెండు కడవలంటే, మా వంతు వచ్చేసరికి ఒకటే వచ్చేది. నేను ఎండలో కడవ మీద కూర్చుని ఉంటే నువ్వు తడి జుట్టు ఆరబెట్టుకుంటూ అరుగు మీదుండి నన్ను ఆటకు పిలిచేదానివి. నీకది గుర్తుండదు. నువ్వు బావి ఇంటి పిల్లవి.

పోయిన ఏడు నా గడపలో నిలబడి పద్నాలుగు మంది ఆడవాళ్లు పని అడిగారు. జీవితంలో మొదటిసారి ఆ సందులో ఎవరో నా మాట కోసం ఎదురుచూశారు. గుడ్డ దిగితే అదంతా ఆగిపోతుంది. మూడు బారలే కదా, వానలు పడితే ఎవరికీ తెలియదనుకున్నాను. వానలు పడలేదు.

ఇప్పుడు బావిలో అడుగు రాయి కనబడుతోంది. అందరూ కాలువకు పోతున్నారు. వెంకటమ్మ కోడలు నిండు నెలల్లో కడవతో జారిపడింది. బిడ్డ దక్కలేదు. ఇది నీకు వేరేవాళ్లు రాసే ముందు నేనే రాస్తున్నాను. తాడు సంగతి వాళ్లకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకు లేదు. తప్పు అవ్వ మీదే ఉండిపోయింది. చచ్చిపోయినవాళ్లకు ఏం నొప్పి అని సర్దిచెప్పుకుంటున్నాను, సర్దుకోవడం లేదు.

ఈయన బట్టీని సగం ఆపాడు. చౌడు బావి నీళ్లతో చేస్తే బొరుగు ఎర్రబడుతోంది, ఎవరూ కొనడం లేదు. ఇంకో మాట, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయన పక్కనే కూర్చుని రాయమంటున్నాడు. మూటకు ఏడు కడవలను నాలుగుకు దించే దారి ఏమైనా ఉందేమో నిన్ను అడగమన్నాడు. ఉంటే ఈ బురదతోనే ఇంకో ఆరు మూటలు లాగవచ్చని అంటాడు.

రంగి


ఆళ్లగడ్డ,
11-10-1956

రంగమ్మకు,

మీ అమ్మ కడవ సంగతి నిజం. నాకు గుర్తులేదన్నదీ నిజం. నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. ఎండలో నువ్వు కనబడ్డావు, కడవ కనబడింది, నేను అరుగు దిగి రాకపోవడమూ కనబడింది. ఆ తప్పు నాది, నా ఇంటిది. దానికి నువ్వు నన్ను తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, పడేదాన్ని. నువ్వు ఆ కోపాన్ని వెంకటమ్మ కోడలి నెత్తికెత్తావు. మీ అమ్మలాగే చివరి కడవ కోసం నిలబడే ఇళ్లు ఆ సందులో ఇంకా ఐదున్నాయి. వాళ్లకు ఇప్పుడు ఆ చివరి కడవ కూడా లేదు.

నా తప్పు ఇంకొకటి ఉంది. పోయిన ఏడు ఏప్రిల్‌లో నీకు అన్నీ రాశాను, జల్లెడ నుంచి వెదురు తడిక దాకా. మూటకు మిగిలే పదమూడు కడవలు బావివి అని మాత్రం రాయలేదు. రాయాల్సిన పని లేదనుకున్నాను. రాస్తున్నది నీకు కాబట్టి.

నాలుగు కడవల దారి ఉందా అని అడిగించాడు మీ ఆయన. ఉంది. ఈ వేసవిలో మా బావి ఇంకా దిగితే అది కూడా కనుక్కున్నాను. నాలుగు కూడా కాదు, మూడున్నరతో సరిపెడుతున్నాను. బొరుగు మునుపటికంటే తెల్లగా వస్తోంది. లాల్ సాహెబ్ దాన్ని నలుగురికీ చెప్తానన్నాడు. చెప్తే తలాక్ నేనే ఇస్తానన్నాను. మా రెండు మూటలు రెండుగానే ఉంటాయి, ఆ దారి నాతోనే ఉంటుంది. ఇలాంటిది దాచుకోవడం పాపమని నాకు తెలుసు. చెప్పి చూసిన పాపం కళ్లారా చూశాను కాబట్టి ఇదే చేస్తున్నాను.

పీరా చేతికి ఒక చేంతాడు ఇచ్చి పంపుతున్నాను, కలబంద నారది, నేనే పేనాను. ముందు వెంకటమ్మ ఇంటికి పోయి, ముసలమ్మ తప్పు కొలవలేదని చెప్పి, ఆ తరువాతే తాడు ఇమ్మన్నాను. ఎవరు కొలిచారని ఆమె అడుగుతుంది. ఆ మాట చెప్పేది రంగమ్మ అని పీరా నీ ఇల్లు చూపిస్తాడు. వెంకటమ్మ మళ్లీ నీ గడపలోకి వస్తుంది. ఆ చల్లటి రాళ్ల మీద కూర్చోబెట్టి చెప్పు.

ఈ తాడుకు గుడ్డ కట్టలేదు. చేతిపట్టుకు ఒక బార వదిలి, సరిగ్గా ఎనిమిది బారలకు కోసేశాను. తాడు అయిపోయిందంటే నీళ్లూ అయిపోయినట్టే. ఇందులో జరపడానికి ఏమీ లేదు.

ఇప్పుడు దించితే అది గాలిలోనే వేలాడుతుంది. చేద నీళ్లకు తగిలిన రోజు నాకు ఒక కార్డు రాయి, కవరు అక్కర్లేదు. అంతవరకూ రాయొద్దు.

నూరున్నీసా